అన్నం ముద్దయితే అక్కడ పండగే



ఈసారి ముచ్చట నా కొత్తకాపురం దగ్గర మొదలెడతాను, ఏమనుకోకండి. అత్తవారింట్లో నేను వండిన మొట్టమొదటి అన్నం ముద్దయిపోయింది. మా అత్తగారు ఒక్క మాటా అనలేదు. మూత తీసి చూశారు, గరిటెతో ఒకసారి కదిపారు, మళ్ళీ మూత పెట్టేశారు. ఆ మూత చప్పుడు ముప్ఫయ్యేళ్ళైనా నా చెవిలోంచి పోలేదు. అప్పట్నుంచీ ఎసరు కొలుచుకోవడం, గంజి వార్చడం, మెతుక్కి మెతుకు అంటకుండా పళ్ళెంలో మల్లెమొగ్గల్లా రాలేలా చూసుకోవడం, ఇదే నా వ్రతం.

అలాంటిదాన్ని, పండగ వంటల్లో అన్నం బంకలా సాగకపోతే వంట చెడిందనుకునే ఊళ్ళో నెల రోజులపైనే ఉండి వచ్చాను.

మా చిన్నది ఫిలిప్పీన్స్‌లో, దావో అనే ఊళ్ళో డాక్టరు చదువు చదువుతోంది. మన తెలుగు పిల్లలు అక్కడ చాలామందే ఉన్నారు. మీలో కొందరి పిల్లలూ ఉండే ఉంటారు. రెండో ఏడు డిసెంబరు మొదట్లో ఫోన్‌లో దాని గొంతు నాకు నచ్చలేదు. అడిగితే ఏమీ లేదమ్మా అంటుంది. పిల్లలు ఏమీ లేదన్నప్పుడే కదా మనకి గుండె జారేది! కందిపొడి, సున్నుండలు, ఆవకాయ మూటగట్టుకుని విమానం ఎక్కేశాను. తీరా వెళ్ళాక చూస్తే అది పొద్దున్న పోతే రాత్రికి గానీ రాదు. నేనూ, నాలుగు గోడలూ, భాష తెలియని టీవీ.

మూడో రోజు మధ్యాహ్నం వంటింటి కిటికీలోంచి ఒక వాసన వచ్చింది. కొబ్బరిపాలు కాగి కాగి నూనె తేలేటప్పటి వాసన. మాది కోనసీమ కదా, దొడ్లో రాలిన కాయలు కొట్టి, కోరి, పాలు పిండి, మా అమ్మ ఇంట్లోనే నూనె కాచేది. ఆ వాసన పట్టుకుని మెట్లు దిగి కిందింటి గుమ్మంలో నిలబడ్డాను. సిగ్గు కూడా వెయ్యలేదు.

కింద ఉండేది ఇల్లుగలావిడే. అందరూ ఆవిణ్ణి 'ఆతె' అంటారు. ఆతె అంటే అక్క. ఎవరు పెద్దో తేలక, ఆవిడ నన్నూ నేను ఆవిణ్ణీ ఆతె అనే పిలుచుకున్నాం వెళ్ళే రోజు దాకా. ఆవిడకి ఇంగ్లీషు ధారాళం, నాకు అంతంతమాత్రం. పొయ్యి దగ్గర అది ఏం అడ్డొచ్చింది గనక? మూలనున్న పీట చూసి నాకు నవ్వొచ్చింది: అచ్చం మా అమ్మ కూర్చుని కొబ్బరి కోరే పీట, చివర పళ్ళున్న ఇనప నాలుకతో సహా.

మూకుట్లో ఉన్నదాన్ని వాళ్ళు 'లాతిక్' అంటారు. నీళ్ళు కలపకుండా పిండిన మొదటి పాలని సన్నసెగన అలా కాగనిస్తే అరగంటకి చిక్కబడి, ముప్పావుగంటకి నూనె ఒకవైపు, పాలవిరుగు ఒకవైపు అవుతుంది. ఆ విరుగు ఎర్రగా వేగాక తీసేస్తారు. వెన్న కాచాక గిన్నె అడుగున మిగిలే ఎర్రటి గసి ఉంటుందే, చిన్నప్పుడు పంచదార వేసుకుని కొట్టుకుని మరీ తినేవాళ్ళం, దానికి కొబ్బరి అక్కచెల్లెలన్న మాట. విసాయా దీవుల వైపు మాత్రం లాతిక్ అంటే కొబ్బరిపాలూ నల్ల పంచదారా కలిపి కాచిన పాకం. ఒకే పేరు, రెండు వస్తువులు. మన పులుసు ఊరికొక రకం కాదూ!

ఇక అసలు సంగతి, బంక బియ్యం. అక్కడి తగలోగ్ భాషలో దాన్ని 'మలగ్కిత్' అంటారు, అంటే అంటుకునేది. దావోలో ఎక్కువగా వినపడే బిసాయాలో 'పిలిత్' అంటారు, దానర్థమూ అతుక్కోవడమే. పచ్చిగా ఉన్నప్పుడు గింజ తెల్లగా సున్నం పూసినట్టు ఉంటుంది, మన బియ్యంలా అద్దంలా మెరవదు. బియ్యంలో ఉండే పిండిపదార్థం రెండు రకాలట. అమైలోజ్ అనేది ఎక్కువుంటే అన్నం విడివిడిగా వస్తుంది. ఈ బంక బియ్యంలో అది దాదాపు ఉండదు, అంతా రెండో రకమే. మా చిన్నది డాక్టరు చదువు ఉపయోగించి నాకు ఇంతవరకు చెప్పింది. ఈ బియ్యంతోనో, దాని పిండితోనో, మామూలు బియ్యప్పిండితోనో చేసే తీపి వంటలన్నిటికీ కలిపి 'కకానిన్' అని పేరు. 'కానిన్' అంటే వండిన అన్నం. మనం పిండివంటలంటాం, వాళ్ళు అన్నపు వంటలంటారు.

ఆతె నాకు నేర్పిన మొదటిది 'బీకో'. కాగితం తెచ్చుకోండి, చెబుతాను.

రెండు గ్లాసుల బంక బియ్యం రెండు మూడు గంటలు నానబెట్టి, వార్చేసి, రెండే గ్లాసుల నీళ్ళతో వండండి. పలుకు పోవాలి గానీ జావ కాకూడదు. రెండు పెద్ద కొబ్బరికాయలు కోరి, మొదటి పాలు విడిగా తీసి లాతిక్ కాచుకోండి. అదే కోరులో గోరువెచ్చటి నీళ్ళు పోసి మళ్ళీ పిండితే వచ్చే రెండోసారి పాలు రెండు గ్లాసులు ఉంచుకోండి. మందపాటి మూకుట్లో ఆ పాలు, గ్లాసున్నర నల్ల పంచదార, అర చెంచా ఉప్పు వేసి, తేనెలా జారే దాకా కాచి, అందులో అన్నం వెయ్యండి. ఇక్కణ్ణుంచి చెయ్యి ఆపకూడదు. బొంబాయి హల్వా కలిపినట్టే, మూకుడు అంచులు వదిలేదాకా. అరటాకు సెగమీద వాడ్చి పళ్ళెంలో పరిచి, లాతిక్‌తో వచ్చిన నూనె రాసి, ఇది పోసి సర్ది, పైన ఆ ఎర్రటి గసి చల్లండి. ఆరాక కత్తికి నూనె రాసి ముక్కలు కొయ్యాలి. కొందరు పాకంలో అల్లం ముక్క చితక్కొట్టి వేస్తారు. నాకదే నచ్చింది. యాలకులు మాత్రం వెయ్యకండి. నేను వేశాను. ఆతె రుచి చూసి మర్యాదగా రెండో ముక్క వద్దంది.

డబ్బా కొబ్బరిపాలతో లాతిక్ సరిగ్గా రాదు. పాలు విరగకుండా అందులో ఏవో కలుపుతారు కదా, మనకి కావలసింది విరగడమే. అందుకని కాయ కొట్టుకోవలసిందే. పంచదార బదులు మన బెల్లం భేషుగ్గా సరిపోతుంది, కరిగించి వడకట్టడం మరవకండి.

మరి ఆ బియ్యం ఇక్కడెక్కడ? ఇంటికొచ్చాక అత్యుత్సాహంతో సోనామసూరితోనే మొదలెట్టాను. ముప్పావుగంట కలిపాక తేలిందేమిటంటే, కొబ్బరిపాల పరమాన్నం. బావుంది, మా ఆయన రెండుసార్లు పెట్టించుకున్నారు, కానీ కత్తికి తెగే బీకో మాత్రం కాదు. నీళ్ళు ఎక్కువ పోసి ముద్ద చేస్తే అతుకుతుందనుకునేరు, ముద్దవడం వేరు, అతుకు వేరు. అస్సాం వాళ్ళ 'బొరా సావుల్' ఈ జాతిదే, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. పెద్ద ఊళ్ళలో సూపర్‌మార్కెట్లలో థాయ్ బంక బియ్యం, దాని పిండీ ఉంటాయి. మణిపూర్ నల్ల బియ్యం 'చాక్‌హావ్' కూడా అతుకున్నదే. 2020లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చాక ఇప్పుడు మనవైపూ కనిపిస్తోంది. ఆ నల్లబియ్యం నాకెందుకు గుర్తొచ్చిందో చెప్పాలంటే తెల్లవారుజాము సంగతి చెప్పాలి.

డిసెంబరు 16. మనకి ధనుర్మాసం పట్టే రోజులు. ఇంటి దగ్గరైతే చీకట్లోనే లేచి గుడికి పోయి, తిరుప్పావై విని, దొన్నెలో వేడివేడి పొంగలి తీసుకుని వస్తాను కదా. ఇక్కడ నాకింకేముందిలే అనుకుంటూ పడుకుంటే, మూడున్నరకి ఆతె తలుపు తట్టింది. వాళ్ళకి ఆ రోజునుంచి 24 దాకా తొమ్మిది రోజులు, తెల్లవారకముందే చర్చిలో పూజ. 'మీసా దె గాల్యో' అంటారు, కోడి కూసేవేళ పూజ అని. పొలం పనులకి పోయే రైతులకి వీలుగా ఉండాలని స్పెయిన్ వాళ్ళ రోజుల్లో ఇంత చీకటివేళ పెట్టారట. శాలువా కప్పుకుని వెనకే వెళ్ళాను. లోపల పాటలు, బయట పొగ, చలిగాలి, నిద్రకళ్ళతో పిల్లలు. నా దేవుడు కాదు, నా భాష కాదు, కానీ ఆ వేళ నాకు తెలిసిన వేళే. కళ్ళు తుడుచుకుంటే ఆతె పొగ అనుకుంది.

పూజ అయ్యాక బయట అమ్మేవే 'బిబింకా', 'పుతో బుంబోంగ్'. బిబింకా తయారీ చూస్తే ముచ్చటేస్తుంది. మట్టిపాత్రలో అరటాకు పరిచి, బియ్యప్పిండీ కొబ్బరిపాలూ కలిపిన పిండి పోసి, కిందా నిప్పులు, పైన రేకు మూతమీదా నిప్పులు. పైనా కిందా ఒకేసారి కాలుతుంది. ఆకు మాడిన వాసన అంతా పిండికి పడుతుంది. అంబాజీపేట పొట్టిక్కలకి పనసాకు వాసన పట్టినట్టు. పైన వెన్న రాసి, పచ్చికొబ్బరి చల్లి ఇస్తారు. ఉప్పులో ఊరవేసిన బాతుగుడ్డు ముక్కలు, తెల్ల చీజు కూడా పెడతారు. గుడ్డు తినని వాళ్ళు ముందే చెప్పుకోవాలి. తీపిలో ఉప్పుగుడ్డేమిటని నేనూ మొహం చిట్లించాను, మా చిన్నది మాత్రం వేలు నాకుతూ నా వాటా కూడా లాక్కుంది. దాని గొంతు మారినదెప్పుడంటే ఆ పొద్దున్నే అంటాను నేను. అది ఒప్పుకోదు.

పుతో బుంబోంగ్ ఊదారంగుది. 'బుంబోంగ్' అంటే వెదురు గొట్టం. సన్నటి గొట్టాల్లో పిండి నింపి ఆవిరిమీద పెడతారు, కేరళ పుట్టులాగే. ఉడికాక గొట్టం విదిలిస్తే వేలంత కడ్డీ జారి పడుతుంది. దానిమీద వెన్న, కొబ్బరి, నల్ల పంచదార. ఆ రంగు పూర్వం 'పిరురుతోంగ్' అనే నల్ల బియ్యంతో వచ్చేదట, ఇప్పుడు చాలాచోట్ల రంగు కలిపేస్తున్నారు. మన చాక్‌హావ్‌ని బంక బియ్యంతో కలిపి నానబెట్టి రుబ్బి, బట్టలో మూటకట్టి నీరు దింపి, పొడిపొడిగా చిదిమి ఇడ్లీపాత్రలో ఆవిరి పట్టాను. గొట్టం లేదు గనక ఆకారం రాలేదు, రుచి వచ్చింది. నాకది చాలు.

వంట చేతకాని చెల్లెళ్ళు కూడా భయపడకుండా చెయ్యగలిగింది ఒకటుంది: 'పలితావ్'. 'లితావ్' అంటే పైకి తేలడం. గ్లాసు బంక బియ్యప్పిండిలో అర గ్లాసు నీళ్ళు కాస్త కాస్త పోస్తూ చపాతీ ముద్దలా కలిపి, నిమ్మకాయంత ఉండలు చేసి, అరచేతిలో నాలుకలా నొక్కి, మరిగే నీళ్ళలో వెయ్యడమే. మునుగుతాయి. ఉడికాక వాటంతటవే తేలతాయి. తేలినవి తీసి పచ్చికొబ్బరి కోరులో దొర్లించి, వేయించి కచ్చాపచ్చాగా దంచిన నువ్వులూ పంచదారా చల్లుకుని వెంటనే తినాలి. ఫ్రిజ్‌లో పెట్టారా, రబ్బరు చెప్పే. మన బియ్యప్పిండిని చన్నీళ్ళతో ఇలా కలిపితే నీళ్ళలో విచ్చిపోతుంది. దానికి ఉండ్రాళ్ళకి చేసినట్టు ఎసట్లో పిండి పోసి ఉడికించుకోవాలి, అప్పుడది వేరే వంట అవుతుంది.

ఉండ్రాళ్ళంటే గుర్తొచ్చింది. వినాయక చవితికి మనం పాల ఉండ్రాళ్ళు చేస్తామే, దాని తోబుట్టువు అక్కడుంది. బంక బియ్యప్పిండి ఉండలు, చిలగడదుంప, కూర అరటికాయలా గట్టిగా ఉండే 'సబా' అరటిపండు, పనసతొనల ముక్కలు, సగ్గుబియ్యం, అన్నీ కొబ్బరిపాలలో ఉడికిస్తారు. 'గినతాంగ్ బీలోబీలో' అని తగలోగ్ పేరు. దావోవైపు దాని చెల్లెలిని 'బినిగ్నిత్' అంటారు, గుడ్ ఫ్రైడేనాడు తప్పకుండా వండుతారు. బెల్లం వేస్తే పాలు విరిగిపోతాయన్న మన భయం అందులో లేదు. చిక్కటి పాలు ఆఖర్న పోసి, తెర్లనివ్వకుండా దించేస్తే చాలు. మొన్న చవితికి ఒక గిన్నె అలా చేసి నైవేద్యం పెట్టాను. స్వామి అభ్యంతరం చెప్పలేదు, మా ఆడపడుచు చెప్పింది.

మీకు ఓవెన్ ఉంటే కర్రపెండలం కేకు చెయ్యండి. ఈ దుంపని వాళ్ళు 'కమోతెంగ్ కాహోయ్' అంటారు. 'కమోతె' చిలగడదుంప, 'కాహోయ్' అంటే కర్ర. అంటే కర్ర దుంప! మనం కర్రపెండలం అన్నాం, వాళ్ళు కర్రగడ్డ అన్నారు, ఎక్కడి వాళ్ళం ఎక్కడ! అసలిది మన ఇద్దరిదీ కాదు. అమెరికా ఖండం నుంచి వచ్చింది. మెక్సికోలోని అకపుల్కోకీ మనీలాకీ మధ్య 1565 నుంచి 1815 దాకా తిరిగిన స్పెయిన్ ఓడలు అటు వెండి, ఇటు పట్టు మోస్తూ దారిలో ఇలాంటి దుంపలూ చేరవేశాయి. మన సామర్లకోట, పెద్దాపురం వైపు సగ్గుబియ్యం మిల్లుల్లో ఆడేదీ ఈ దుంపే. కిలో దుంప చెక్కు మందంగా తీసి, తురిమి, నీళ్ళలో కడిగి గట్టిగా పిండెయ్యండి. ఇది పచ్చిగా తినే దుంప కాదు, విషగుణం ఉంటుంది, కడగడం, బాగా ఉడకడం రెండూ ముఖ్యం. రెండు గ్లాసుల కొబ్బరిపాలు, ఒక డబ్బా కండెన్స్‌డ్ మిల్క్, మూడు గుడ్లు కలిపి 180 డిగ్రీల్లో ముప్పావుగంట పైచిలుకు. చాకు గుచ్చితే పచ్చిపిండి అంటకూడదు.

గుడ్డు తినని ఇళ్ళకి 'మాహా బ్లాంకా' ఉంది. నాలుగు గ్లాసుల కొబ్బరిపాలు, గ్లాసు పంచదార, గుప్పెడు ఉడికించిన మొక్కజొన్న గింజలు మరిగించి, ముప్పావు గ్లాసు కార్న్‌ఫ్లోర్‌ని అన్నే నీళ్ళలో కలిపి పోసి, ఉండ కట్టకుండా తిప్పి, పళ్ళెంలో పోస్తే గడ్డకడుతుంది. పావుగంట పని.

'లెచె ఫ్లాన్' గురించి ఒక్క మాట. పది గుడ్ల పచ్చసొనలు, డబ్బా పాలు, అడుగున పంచదార కాల్చిన పాకం, కోలగా ఉండే రేకు డబ్బాలో ఆవిరిమీద. చూడ్డానికి జున్నులా ఉంటుంది. స్పెయిన్ వాళ్ళు చర్చిలు కట్టేటప్పుడు సున్నంలో తెల్లసొన కలిపేవారనీ, మిగిలిపోయిన పచ్చసొనలతో ఈ వంటలు పుట్టాయనీ ఆతె కథ చెప్పింది. మూతకింద గుడ్డ కట్టకపోతే ఆవిరి నీళ్ళు కారి పైన గుంటలు పడతాయి. నాకు పడ్డాయి.

ఊదారంగు పెండలంతో చేసే 'ఊబె హలాయా' సంగతి ఇంకోసారి. అది గంటన్నర కలపాలి, నా భుజం ఇంకా గుర్తుపెట్టుకుంది.

డిసెంబరు 31 రాత్రి ఆతె వంటిల్లు చూడాలి మీరు. బీకో, ఆకుల్లో చుట్టిన 'సుమాన్', అన్నీ బంక వంటలే. కొత్త సంవత్సరం అదృష్టం ఇంటిని అంటిపెట్టుకుని ఉండాలని ఆ రాత్రి ఇవే తింటారు. బల్లమీద పన్నెండు రకాల గుండ్రటి పండ్లు కూడా పెట్టారు, నెలకొకటి చొప్పున. సాగే బీకో ముక్క చేత్తో తెంపుతూ మా అత్తగారి మూత చప్పుడు గుర్తు చేసుకున్నాను. ఆవిడ ఉంటే ఈ దేశంలో కోడళ్ళని మెచ్చుకునేవారో, దేశాన్నే తిట్టేవారో!

బయల్దేరే ముందు ఆతె, మీదీ ఒకటి నేర్పు అంది. సంక్రాంతి దగ్గర్లో ఉంది కదా, అరిసెలన్నాను. బెల్లం పాకం కుదిరింది. తడిపిండి దగ్గర ఆవిడ తన అలవాటుకొద్దీ పిలిత్ పిండే తీసింది, నేను వద్దనలేదు. నూనెలో వేసిన అరిసె సాగింది, విచ్చింది, చివరికి మూకుడంతా ఎర్రటి తునకలై తేలింది. నేను తలపట్టుకున్నాను. ఆతె ఆ తునకలన్నీ చిల్లుల గరిటెతో దేవి, వడకట్టి, మర్నాటి బీకోమీద చల్లింది. ఇంటికొచ్చిన వాళ్ళు ఇదేమిటని అడిగితే, ఇండియా లాతిక్ అని చెప్పింది.